బటన్ వాళ్లది, అడ్రసు మనది

ఏమర్రా అమ్మాయిలూ, రాత్రి గిన్నెలు సర్దేసి ఫోన్ పట్టుకుని మంచం మీద వాలితే చాలు, వేలు దానంతటదే ‘బై నౌ’ దగ్గరికి పోతుంది కదూ! చీర నచ్చింది, నొక్కాం, అయిపోయింది. ఎల్లుండి మధ్యాహ్నానికల్లా గుమ్మంలో అట్టపెట్టె. మరి ఆ ఒక్క నొక్కుడు కోసం అమెరికాలో రెండు పెద్ద పుస్తకాల కంపెనీలు దాదాపు రెండున్నరేళ్లు కోర్టులో కొట్టుకున్నాయంటే నమ్ముతారా? పేటెంట్లు, దావాలు అంటుందేమిటీవిడ అని పేజీ తిప్పేయకండి. ఈ కథలో మన ఇంటి అడ్రసూ, మన పిల్లల పుట్టినరోజులూ కూడా వస్తాయి.

అప్పట్లో అమెజాన్ అంటే పుస్తకాల కొట్టే. ఒకసారి మన పేరు, చిరునామా, కార్డు నంబరు ఇచ్చి ఉంచితే, ఆ తర్వాత ఏం కావాలన్నా ఒక్క నొక్కుతో కొనేసుకోవచ్చు అనే ఏర్పాటు ఒకటి చేసి, ఇది మేం కనిపెట్టిందే, ఇంకెవరూ వాడడానికి వీల్లేదు అని 1997 సెప్టెంబరులో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టుకుంది. కనిపెట్టినవాళ్లు నలుగురు, అందులో ఒకాయన జెఫ్ బెజోస్. 1999 సెప్టెంబరు 28న పేటెంట్ చేతికొచ్చింది. ఇంకో 23 రోజులు తిరిగేసరికి బార్న్స్ అండ్ నోబుల్ అనే రెండో పుస్తకాల కంపెనీ మీద దావా పడింది. ఏమిటయ్యా వాళ్లు చేసిన నేరం అంటే, వాళ్ల సైటులో కూడా ‘ఎక్స్‌ప్రెస్ లేన్’ అని అలాంటి బటనే ఒకటి పెట్టుకున్నారట.

సియాటిల్ కోర్టులో మార్షా పెక్‌మన్ అనే జడ్జిగారు ఆ డిసెంబరు 1న, ముందు మీ బటన్ ఆపండి అని బార్న్స్ అండ్ నోబుల్‌కి తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. క్రిస్మస్‌కి ఇంకా నాలుగు వారాలు కూడా లేవు. మనకి దసరా, దీపావళి ముందు బట్టల కొట్టు షట్టర్ సగానికి దింపమన్నట్టే. పాపం వాళ్లేం చేశారో తెలుసా? బటన్ తీసేయలేదు. ‘కొంటున్నారు కదా, ఖాయమేనా?’ అన్నట్టు ఇంకో నొక్కుడు చేర్చారు. అంతే! ఒక నొక్కు అయితే కోర్టు ధిక్కారం, రెండు నొక్కులైతే దొరబాబు. కోట్ల వ్యాపారాల మీద లాయర్లు వాదించుకున్న తేడా ఇదీ.

పై కోర్టు మాత్రం 2001 ఫిబ్రవరిలో ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఈ పేటెంట్ నిలబడుతుందా అన్నదే అనుమానంగా ఉంది, పూర్తి విచారణ జరగనివ్వండి అంది. ఎందుకంటే బార్న్స్ అండ్ నోబుల్ వాళ్లు ఎక్కడెక్కడి పాతవో తవ్వి తెచ్చారు. కంప్యూసర్వ్ అనే పాత కంపెనీ 1990ల్లోనే షేర్ల ధరల చార్టు కావాలంటే ఒక్క నొక్కుతో ఇచ్చేదట, చార్టుకి 50 సెంట్లు చొప్పున ఖాతాలో రాసుకునేదట. మరి అమెజాన్ కొత్తగా కనిపెట్టిందేమిటి? అసలు విషయం అప్పుడు తేలాలి. తేలిందా? లేదు. 2002 మార్చిలో ఇద్దరూ రాజీపడ్డారు. షరతులు బయటపెట్టలేదు. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారు, ఏం ఒప్పుకున్నారు, ఒక్క ముక్క చెప్పలేదు. కంపెనీలకి కూడా గుట్టు ఎంత ముఖ్యమో చూశారా? ఈ గుట్టు సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో ఇంకా పనుంది.

పేటెంట్ మాత్రం బతికే ఉంది. న్యూజిలాండ్‌లో ఒక సినిమా నటుడు, తను కొన్న పుస్తకం ఆలస్యంగా వచ్చిందన్న కోపంతో అంటారు, చందాలు పోగేసి ఫీజు కట్టి మరీ దాన్ని మళ్లీ పరీక్షించమని 2006లో అడిగాడు. పేటెంట్ ఆఫీసు చాలా భాగాలు చెల్లవంది. అమెజాన్ మాటలు కాస్త మార్చి రాసి 2010లో నిలబెట్టుకుంది. 2017 సెప్టెంబరుతో గడువు తీరిపోయింది. ఇక ఆ బటన్ ఎవరిదీ కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ ఒక్క నొక్కు ఎలా పనిచేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? బటన్లో మాయ ఏమీ లేదు. మనం ఎవరమో ఆ కంపెనీ కంప్యూటర్ ముందే గుర్తుపట్టాలి. మన అడ్రసు, కార్డు అప్పటికే దాని దగ్గర ఉండాలి. పేటెంట్ కాగితాల్లోనూ రాసుకున్నది అదే: కొనేవాళ్లకి ఒక గుర్తింపు ఇచ్చి, వాళ్ల వివరాలు సర్వర్‌లో దాచి, నొక్కగానే ఆ రెండూ జత చేయడం. మా చిన్నప్పుడు వీధి చివర కిరాణా కొట్టాయన చేసేది ఇదే కదా! మనం వెళ్లి ‘కందిపప్పు’ అంటే చాలు, పేరు అడగడు, డబ్బు అడగడు, పొట్లం కట్టి పద్దు పుస్తకంలో రాసేసుకుంటాడు. ఆయన దగ్గర ఆ పుస్తకం లేకపోతే ఆ సౌకర్యమూ లేదు. అంటే అమ్మాయిలూ, వాళ్లు కొట్టుకున్నది బటన్ కోసం అని పేరే గానీ, ఆ బటన్‌కి ప్రాణం పోసింది మనం ఇచ్చిన వివరాలు. బటన్‌కి నంబరుతో సహా పేటెంటుండేది, హక్కుదారు ఉండేది, కాపలాకి లాయర్లుండేవారు. వివరాలు ఇచ్చిన మనకి? ‘ప్రైవసీ పాలసీ’ అని అడుగున చీమ తలకాయంత అక్షరాలు.

ఆ అక్షరాలకి ఎంత విలువుందో 2000 సంవత్సరంలో తెలిసింది. అంతకుముందు అమెజాన్ తన కొనుగోలుదారులకి ఒక మాట ఇచ్చింది. మీ వివరాలు ఎవరికీ అమ్మడం లేదు, ఎప్పుడైనా నమ్మకస్తులకి ఇవ్వాల్సి వచ్చినా, మీకు ఇష్టం లేకపోతే ‘నెవర్’ అనే చిరునామాకి ఒక ఖాళీ ఈమెయిల్ పంపితే చాలు, మీవి ఎన్నటికీ ఇవ్వం అని. పేరు కూడా ఎంత గట్టిగా ఉందో చూడండి, నెవర్! 2000 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో పాలసీ మార్చేసి, కొనుగోలుదారుల సమాచారం మా వ్యాపారపు ఆస్తుల్లో ఒకటి, రేపు కంపెనీ చేతులు మారితే ఇదీ కొన్నవాళ్లకి వెళుతుంది అని రాశారు. ఆ కంపెనీ పుస్తకాలు తన సైటు ద్వారా అమ్మిపెడుతున్న ఎపిక్ అనే గోప్యత సంస్థకి ఒళ్లు మండి, మీతో మాకు పొత్తు వద్దని తెగతెంపులు చేసుకుంది. ప్రభుత్వం తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మరుసటేడు ఫిర్యాదు పరిశీలించి, చర్య ఏమీ అక్కర్లేదని ఫైలు మూసేసింది.

అదే సెప్టెంబరులో జరిగిన ఇంకో ముచ్చట నాకు భలే ఇష్టం. ఆపిల్ కంపెనీ ఆ ఒక్క నొక్కు బటన్ తన సైటులో వాడుకోవడానికి అమెజాన్‌తో లైసెన్సు ఒప్పందం రాసుకుంది. చూశారా మర్యాద! ఒక బటన్ వాడుకోవాలంటే అడగాలి, సంతకాలు పెట్టాలి, రుసుము కట్టాలి. లక్షల మంది ఇళ్ల అడ్రసులు, వాళ్లు చదివే పుస్తకాల పేర్లు వ్యాపారపు ఆస్తి అనుకోవడానికి మాత్రం ‘పాలసీ మార్చాం’ అని ఒక ఈమెయిల్ చాలు.

మన వివరాలు చేతిలో ఉంటే ఏం చేయొచ్చో కూడా ఆ నెలలోనే బయటపడింది. ఒకే డీవీడీ ఒకరికి ఒక ధర, ఇంకొకరికి ఇంకో ధర చూపిస్తోందని కొనేవాళ్లు కనిపెట్టారు. ఊరికే ప్రయోగం చేశాం, ఎవరి వివరాల్ని బట్టీ కాదు, ఎవరికెంత అన్నది లాటరీ లెక్కనే వేశాం అంది కంపెనీ. చివరికి 6,896 మందికి, మనిషికి సగటున 3 డాలర్ల 10 సెంట్ల చొప్పున వెనక్కి ఇచ్చింది. మాట నిజమే అయి ఉండొచ్చు. కానీ మనం ఎవరమో తెలిసిన కొట్టుకి మన మొహం చూసి ధర చెప్పే వీలుందని జనానికి తెలిసిపోయింది. చీరల కొట్లో చేతి గాజులు చూసి ధర చెప్పే సేల్స్‌మన్‌ని మనం పసిగట్టగలం. ఫోన్లో ఎలా పసిగడతాం?

ఇంత బటన్ కోసం దావా వేసిన అమెజాన్ మీదే ఇంకో తమాషా దావా పడింది. ఇది ‘బుట్ట’ గురించి. ఆన్‌లైన్లో మనం వస్తువులు వేసుకుంటామే, షాపింగ్ కార్ట్, అది మాదే అంటూ సోవరెయిన్ అనే కంపెనీ బయల్దేరింది. ఆ పేటెంట్లు తను కనిపెట్టినవి కావు, దివాలా తీసిన వేరే కంపెనీ ఆస్తుల్లోంచి కొనుక్కున్నవి. 2005లో అమెజాన్ 4 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. న్యూఎగ్ అనే కంప్యూటర్ సామాన్ల కంపెనీ మాత్రం పైసా ఇవ్వం అని మొండికేసింది. టెక్సస్‌లో జ్యూరీ దగ్గర ఓడిపోయింది కూడా. అయినా పై కోర్టుకి వెళ్లింది. 2013 జనవరిలో ఆ కోర్టు, ఇందులో కనిపెట్టడానికేముంది, 1980ల్లోనే కంప్యూసర్వ్ ఇలాంటి అంగడి నడిపింది కదా అని పేటెంట్లు చెల్లవంది. మళ్లీ ఆ కంప్యూసర్వే! మరుసటేడు సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. అప్పటికే రాజీకి కట్టినవాళ్ల డబ్బు పోయినట్టే. రాజీ అంటే మంచిమాటలా వినబడుతుంది గానీ, వ్యాపారంలో చాలాసార్లు దాని అర్థం నిజం తేల్చుకోవడం కన్నా డబ్బిచ్చి వదిలించుకోవడం చవక అనే. ఆ చవక ఎవరి బిల్లులో కలుస్తుందో ఇల్లు నడిపే మీకు నేను చెప్పాలా?

దివాలా అన్నాను కదా. ఒక ఆన్‌లైన్ కొట్టు మూతపడితే అమ్మడానికి ఏం మిగులుతుంది? బల్లలు, కుర్చీలు పాతవి. గోదాములో సరుకు అయినకాడికి పోతుంది. మంచి ధర పలికేవి రెండే, పేటెంట్లూ మన పేర్ల జాబితాలూ. మసాచుసెట్స్‌లో టాయ్‌స్మార్ట్ అని పిల్లల బొమ్మల కంపెనీ ఉండేది. ఎక్కువ వాటా డిస్నీది. మీ వివరాలు మూడో మనిషికి ఎన్నడూ ఇవ్వం అని తల్లులకి మాటిచ్చింది. తల్లులు నమ్మి పేర్లు, అడ్రసులే కాదు, పిల్లల పేర్లు, పుట్టినతేదీలు, ఏ బొమ్మలంటే ఇష్టమో అన్నీ రాసిచ్చారు. రాక్షసబల్లుల మీద క్విజ్ పోటీ పెట్టి పిల్లల దగ్గరే నేరుగా వివరాలు రాబట్టింది కూడా. 2000 మే నెలలో వ్యాపారం మూసేసింది. ఆ తర్వాత వాల్ స్ట్రీట్ జర్నల్‌లో ప్రకటన: ఆస్తులు అమ్మబడును, అందులో కొనుగోలుదారుల జాబితా ఒకటి! అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే కదర్రా. పిల్లలు మనవాళ్లు, పుట్టినరోజులు మనవి, వేలం వాళ్లది.

ఈ విషయంలో మాత్రం ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఊరుకోలేదు, జులైలో కోర్టుకెక్కింది. వెంటనే కంపెనీతో ఒక రాజీ కుదిరింది. అదీ ఎలాంటిదంటే, జాబితా ఒక్కదాన్నే అమ్మకూడదు, మొత్తం వ్యాపారం కొనే బొమ్మల కంపెనీకే ఇవ్వాలి, వాళ్లూ పాత మాటకి కట్టుబడాలి అని. కమిషన్‌లోనే అందరికీ ఒప్పుదల కాలేదు. ఎన్నడూ అన్నాక ఎన్నడూనే కదా, కొనేది బొమ్మల కంపెనీ అయితే మాత్రం మాట తప్పినట్టు కాదా అన్నది రెండో పక్షం. దివాలా కోర్టు జడ్జి కూడా కొనేవాడే రానప్పుడు ఈ ఒప్పందమెందుకు అన్నారు. చివరికి 2001 జనవరిలో డిస్నీ తరఫున 50,000 డాలర్లు కట్టి ఆ జాబితా ధ్వంసం చేయించారు. నాకు తెలిసినంతలో ఈ కథలన్నింట్లో తల్లుల పక్షాన ముగిసింది ఇదొక్కటే. అదీ ఎలా? జాబితా కొనుక్కుని మరీ తగలేస్తే.

దీని పుణ్యాన అక్కడ 2005లో దివాలా చట్టం మార్చి, ఇచ్చిన మాటకి విరుద్ధంగా జనం వివరాలు అమ్మకానికి వస్తే గోప్యత సంగతి చూసే అంబుడ్స్‌మన్‌ని పెట్టాలన్నారు. 2011లో అది పనికొచ్చింది. బోర్డర్స్ అనే పెద్ద పుస్తకాల కంపెనీ దివాలా తీసింది. పేరు, ట్రేడ్‌మార్కులు, వాటితోపాటు 4 కోట్ల 80 లక్షల మంది కొనుగోలుదారుల జాబితా అమ్మకానికి వచ్చాయి. కొన్నదెవరో ఊహించండి చూద్దాం. మన బార్న్స్ అండ్ నోబులే! ఒక్క నొక్కు దావాలో ముద్దాయి. 1 కోటి 39 లక్షల డాలర్లు పెట్టి కొంది. ఎవరు ఏ పుస్తకం కొన్నారో, ఏ సినిమా డిస్క్ కొన్నారో అన్నీ అందులో ఉన్నాయి. అంబుడ్స్‌మన్ పట్టుబట్టడంతో అందరికీ ఈమెయిల్ వెళ్లింది: మీ వివరాలు మాకొస్తున్నాయి, వద్దనుకుంటే 15 రోజుల్లో చెప్పండి అని. అలాంటి ఈమెయిళ్లు మనం ఎన్ని తెరిచి చూస్తాం? ‘ప్రమోషన్స్’ పెట్టెలో పడి మగ్గుతుంటాయి. నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. పూర్వం పెళ్లిచూపుల్లో ఆడపిల్లకి ఇదే న్యాయం ఉండేది.

ఆ చిట్టాల్లో ఏముంటుందిలే అనుకుంటారేమో. మొన్న నేను నా ఫోన్లో ఒక యాప్ తెరిచి, సేవ్ చేసిన అడ్రసుల పేజీలోకి వెళ్లాను. అన్నిటికన్నా అడుగున మా అమ్మాయి చదువుకున్నప్పటి అమీర్‌పేట హాస్టల్, గది నంబరుతో సహా. దానిపైన మేం ఖాళీ చేసిన మియాపూర్ అద్దె ఇల్లు, ‘లిఫ్ట్ పనిచేయదు, వాచ్‌మన్‌కి ఇవ్వండి’ అన్న నా రాత. విజయవాడలో అమ్మ ఇల్లు, ‘పెద్దావిడ ఒక్కరే ఉంటారు, గట్టిగా పిలవండి’. ఆ మాట నేనే రాశాను, డెలివరీ కుర్రాడికి సాయమని. చదువుతుంటే గుండె ఝల్లుమంది. ఒక్కతే ఉండే ముసలావిడ, చెవులు సరిగ్గా వినబడవు, ఫలానా వీధి, ఫలానా గుమ్మం. దొంగకి ఇంతకన్నా ఏం కావాలి? దాన్ని ఎప్పుడో తీసేయొచ్చు, ఎవరూ వద్దనలేదు. కానీ ఆ పేజీకి వెళ్లాలంటే నాలుగు తలుపులు తీయాలి. కొనడానికి ఒక్క నొక్కు చాలు.

తలుపులంటే గుర్తొచ్చింది. అమెజాన్ ప్రైమ్‌లో చేరడం సులువు, వదిలించుకోవడం నరకం అని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో సియాటిల్ కోర్టులోనే దావా వేసింది. సభ్యత్వం రద్దుకి అప్పట్లో నాలుగు పేజీలు, ఆరు నొక్కులు, పదిహేను ఎంపికలు. ఆ దారికి కంపెనీ లోపలి పేరు ‘ఇలియడ్’ అట, గ్రీకుల యుద్ధకావ్యం. మనవాళ్లయితే పద్మవ్యూహం అని పెట్టేవాళ్లు. 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది, అందులో 150 కోట్లు జనానికి వాపసు. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. అలెక్సాతో పిల్లలు మాట్లాడిన మాటల రికార్డులు, తల్లిదండ్రులు తుడిచేయమన్నా పూర్తిగా తుడవకుండా ఉంచుకున్నారన్న కేసులో 2023లోనే రెండున్నర కోట్ల డాలర్లు కట్టారు. ఈ రాజీలకీ మొదటి రాజీకీ ఒక తేడా గమనించారా? కంపెనీకీ కంపెనీకీ మధ్య రాజీ అయితే షరతులు ఇనప్పెట్టెలో. ప్రభుత్వం మన తరఫున నిలబడిన రాజీ అయితే ప్రతి అక్షరం బయట. అందుకే నాకు రెండో రకం రాజీల మీదే కాస్త గురి.

మరి మన దేశంలో? కొన్నిట్లో మనమే మేలు. మన పేటెంట్ల చట్టం 3(కె) సెక్షన్ వ్యాపారం చేసే పద్ధతికి పేటెంట్ ఇవ్వకూడదంటుంది. కాబట్టి ‘ఒక్క నొక్కు’ మాది అని ఇక్కడ గొడవపడటం కష్టం. పైగా రిజర్వ్ బ్యాంక్ పుణ్యమా అని 2009 నుంచీ ఆన్‌లైన్లో కార్డు వాడితే ఓటీపీయో, ఇంకో పాస్‌వర్డో కొట్టాలి. విసుక్కుంటాం గానీ అదే మన గడియ. 2022 అక్టోబరు 1 నుంచి అమ్మే సైట్లు మన కార్డు నంబరు దాచుకోకూడదు, దాని బదులు ఒక టోకెన్ మాత్రమే ఉంచుకోవాలి. ఈ ఒక్క విషయంలో రిజర్వ్ బ్యాంక్‌కి దండం పెట్టాల్సిందే.

డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా ఆగాలి. అప్పుడు మన వివరాలు తుడిచేయమని అడగొచ్చు. జాగ్రత్తగా దాచనివాళ్లకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. రెండు కోట్లమంది పైన ఖాతాదారులున్న ఈ-కామర్స్ కంపెనీలైతే, మనం మూడేళ్లు అటువైపు తొంగి చూడకపోతే 48 గంటల ముందు చెప్పి మన వివరాలు తుడిచేయాలి. బాగుంది కదా! కానీ అదే చట్టంలో 17వ సెక్షన్ చదవండి. కోర్టో ట్రైబ్యునలో ఆమోదించిన ప్రకారం కంపెనీలు విలీనమైనా, వ్యాపారం చేతులు మారినా, ఆ పనికి మన అనుమతి వగైరా నిబంధనలు చాలావరకు వర్తించవు. జాగ్రత్తగా దాచాల్సిన బాధ్యత మాత్రం ఉంటుంది. టాయ్‌స్మార్ట్ లాంటి కంపెనీ రేపు హైదరాబాద్‌లో చేతులు మారితే, అక్కడి తల్లులకి దొరికిన పాటి రచ్చ చేసే అవకాశం ఇక్కడి తల్లులకి దొరుకుతుందా? నాకైతే అనుమానమే. ఈ సెక్షన్ గురించి మన ఎంపీల్ని ఎవరైనా అడిగితే బాగుండు.

షాపింగ్ మాల్‌లో బిల్లు వేసేచోట ‘నంబరు చెప్పండి మేడం’ అంటారే, చెప్పక్కర్లేదు. ఫోన్ నంబరు ఇవ్వందే బిల్లు వేయం అనకూడదని వినియోగదారుల శాఖ 2023 మేలోనే వ్యాపారులకి చెప్పింది. వెనకాల వరసలో ఉన్నవాళ్లు విసుక్కున్నా సరే, ‘నంబరు లేకుండా వేయండి బాబూ’ అనండి. కుర్రాడు ఒక్క క్షణం తెల్లబోయి, ఏవో పది అంకెలు తనే కొట్టి బిల్లు చింపిస్తాడు. నేను చూశాను.

ఇక మీలో చాలామంది ఇంట్లోంచే వ్యాపారం చేస్తున్నారు, మంగళగిరి చీరలో, ఆవకాయో, పిల్లల లంగాజాకెట్లో. మిమ్మల్నే అంటున్నా. లైవ్‌లో చీర భుజాన వేసుకుని ‘నచ్చినవాళ్లు నంబర్ కామెంట్‌లో పెట్టండమ్మా’ అంటారు చూడండి, దయచేసి ఆ పని మానేయండి. వెయ్యిమంది చూసే చోట ఆ ఆడవాళ్ల నంబర్లు అలా వేలాడదీయడం ఏం మర్యాద? మెసేజ్ పెట్టమనండి చాలు. మీ ఎక్సెల్ షీటులో ఎవరి బ్లౌజు కొలత ఎంతో, ఎవరింట్లో ఎప్పుడు గృహప్రవేశమో, డాలస్‌లో ఉన్న కోడలికి పంపాల్సిన చీర ఏ రంగో అన్నీ ఉంటాయి. ఆ షీటు చూసి మీ కొట్టు విలువ కట్టేవాళ్లు రేపు తప్పకుండా వస్తారు. ‘మీ కస్టమర్ల లిస్టు ఇవ్వండి మేడం, నంబరుకింత ఇస్తాం’ అంటారు. వాళ్లు మిమ్మల్ని నమ్మి చెప్పిన కొలతలవి, మీరు అమ్ముకునే సరుకు కాదు. డెలివరీ అయిపోయి ఏడాది దాటినవాళ్ల వరసలు ఈ ఆదివారమే తీసేయండి.

ఇప్పటికే అలా ఎవరైనా వచ్చి అడిగారా? ఏమని అడిగారు, ఎంత ఇస్తామన్నారు, మీరేం చెప్పారు, నాకో ఉత్తరం ముక్క రాయండి. వచ్చే నెల ముచ్చట్లలో చెప్పుకుందాం. మీ పేరూ ఊరూ వేయనులెండి.